వైకుంఠ రథంలో వన్స్ మోర్

మా వల్లూరిపేట మునిసిపాలిటీలో పని చెయ్యని వస్తువు ఉందంటే నేనొప్పుకోను. వీధి దీపాలు పగలు వెలుగుతాయి. కుళాయిలు వానాకాలంలో వస్తాయి. వైకుంఠ రథం నలుగురు తోస్తే కదులుతుంది. ఈ మూడోదాని వ్యవహారాలు చూసే శానిటరీ సెక్షన్ గుమాస్తాని నేనే. చెత్త బళ్లు, కుక్కల బండి, శవాల బండి, అన్నీ నా టేబులు మీదే ఉంటాయి.

ఈ రథం పూర్వాశ్రమంలో పెళ్లిళ్ల వ్యాను. ఒక రైసుమిల్లు ఆసామి తండ్రి జ్ఞాపకార్థం మాకు దానం చేశాడు. సీట్లు పీకేసి, పైన రేకు గోపురం కట్టి, దానికి రెండు లౌడుస్పీకర్లు బిగించాం. పెళ్లిళ్లనాటి క్యాసెట్ స్టీరియోని మాత్రం అలాగే ఉంచాం. అందులో ఒకే ఒక్క తత్వాల క్యాసెట్టు ఉండేది. ఏళ్ల తరబడి ఊళ్లో పోయినవాళ్లందరూ, పార్టీలకూ కులాలకూ అతీతంగా, ఆ ఒక్క క్యాసెట్టే వింటూ వెళ్లిపోయారు. ఒక్కరూ వెనక్కొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు.

కిందటి వేసవిలో ఆ టేపు సాగింది. గాయకుడి గొంతు మెల్లమెల్లగా దిగజారి ఎద్దు రంకెలోకి వచ్చేది, అంతలోనే తేరుకుని కీచుమనేది. బంగారం కొట్టు బసవేశ్వరరావు గారి తల్లిని తీసుకెళ్తుంటే సరిగ్గా మెయిన్ బజార్లో ఈ రంకె మొదలైంది. అల్లుళ్లు నవ్వారు. అల్లుళ్లు నవ్వితే పట్టించుకునేవాళ్లు లేరు గానీ, ఏడుస్తున్న కోడలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడే బసవేశ్వరరావు గారు చైర్మన్ వెంకటప్పయ్య గారింటికి వెళ్లి, "మా అమ్మని ఊరంతా నవ్వించి పంపారయ్యా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మామూలుగా అయితే ఇంకో క్యాసెట్టు కొనేవాళ్లం, కథ అయిపోయేది. మా దురదృష్టం ఏమిటంటే అప్పుడే మా కమిషనర్ గారు 'పౌర సంతృప్తి' అనే విషయం మీద ఎక్కడో శిక్షణ పొంది వచ్చారు. శిక్షణకి వెళ్లకముందు ఆయన మంచివారే.

"క్యాసెట్టా?" అన్నారు ఆయన, నేను పెట్టిన కాగితం చూసి. "ప్రపంచం ఎక్కడుంది, మనం ఎక్కడున్నాం?" జేబులోంచి వేలెడంత పాటల డబ్బా తీసి టేబులు మీద పెట్టారు. "దీన్ని ప్లేయర్ అంటారు. ఇందులో వెయ్యి పాటలు పడతాయి. సదరు వాహనపు ధ్వని వ్యవస్థను దీనితో అనుసంధానం చేయండి."

డ్రైవరు ఖాసింవలి ఆ డబ్బాని పట్టుకుని స్టీరియో చుట్టూ ప్రదక్షిణం చేశాడు. "ఎక్కడ దూర్చాలన్నా దీన్ని? క్యాసెట్టు పట్టే నోరు తప్ప దీనికి వేరే బొక్కే లేదు" అన్నాడు నాతో.

మొదట ఒక పుల్ల తెప్పించాం. సిగరెట్ లైటర్ బొక్కలో గుచ్చితే అది ప్లేయర్లో పాటని రేడియో స్టేషనులాగా గాల్లోకి వదులుతుంది, మన స్టీరియోలో రేడియో దాన్ని పట్టుకుంటుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ మొదటి యాత్రలోనే తత్వం మధ్యలోకి అసలు రేడియో స్టేషను చొరబడి, "తరుగు లేదు, మజూరీ లేదు, త్వరపడండి" అని రథం మీంచి ఊరందరికీ చెప్పింది. అది చాలదన్నట్టు, మా పక్కనుంచి వెళ్తున్న పెళ్లికారులో మా తత్వాలు మోగాయి. పెళ్లికొడుకు కారు దిగి నడిచి వెళ్లాడు.

తర్వాత తోక క్యాసెట్టు వచ్చింది. అది చూడ్డానికి క్యాసెట్టే, లోపల టేపు ఉండదు, ఒక మూలనుంచి వైరు వేలాడుతుంది. ఆ వైరు ప్లేయరుకి తగిలించి క్యాసెట్టుని స్టీరియో నోట్లో పెడితే, పాపం ఆ ముసలి స్టీరియో టేపే తిరుగుతోందనుకుని పాడేస్తుంది. గొంతు ఖణీమని వచ్చింది. ఖాసింవలి మురిసిపోయాడు. ఆడిట్ వాళ్లు మాత్రం "టేపు లేని క్యాసెట్టును పూర్తి ధరకు కొనుటకు కారణమేమి?" అని అడిగారు. "టేపు ఉన్నందువల్లనే సమస్య వచ్చినది" అని రాశాను. వాళ్లకది నచ్చింది.

ఒక్కటే లోపం. ఆ వైరుని ప్లేయరు దగ్గర కొంచెం వంచి పట్టుకుంటేనే రెండు స్పీకర్లూ మోగుతాయి, వదిలితే ఒకటి మూగబోతుంది. పట్టుకునే పోస్టు మంజూరు కాలేదు. నా ఉద్యోగ బాధ్యతల్లో ఆఖరున 'మరియు పై అధికారులు అప్పగించు ఇతర పనులు' అనే వాక్యం ఉంది. దాని ప్రకారం అప్పట్నుంచి ప్రతి యాత్రలోనూ నేను ముందు సీట్లో కూర్చుని వైరు పట్టుకున్నాను. మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంటుంది, ఎమ్మే చదివింది దీనికా అని.

అనుసంధానం అయ్యింది. మరి ఏ పాట వెయ్యాలి? ఒకే క్యాసెట్టు ఉన్నన్నాళ్లు ఎవరికీ రాని ఈ ప్రశ్న, వెయ్యి పాటలు పట్టే డబ్బా రాగానే వచ్చింది. కౌన్సిల్ సమావేశంలో ఒకరు భజన అన్నారు, ఒకరు సన్నాయి అన్నారు, ఒకరు తమ పార్టీ పాట అన్నారు. మైకు విరిగింది. అప్పుడు కమిషనర్ గారు లేచి, శిక్షణలో నేర్చుకున్న మొత్తాన్ని ఒక్క వాక్యంలో బయటపెట్టారు.

"ఈ సేవ ఎవరికి అందిస్తున్నాం? వాహనంలో పడుకున్న లబ్ధిదారుడికి. కాబట్టి పాటను ఎంచుకోవలసినది లబ్ధిదారుడే."

'అంతిమ గీత ఐచ్ఛిక పథకం' ఆ పూటే పుట్టింది. బతికున్న పౌరులు ముందుగానే వచ్చి, తమ పాట ఏదో చెప్పి, ప్లేయర్లో వేయించుకోవచ్చు.

జనం విరగబడ్డారు. మంచినీళ్ల కోసం కూడా మా ఆఫీసు ముందు అంత వరస చూడలేదు. మిర్చి కమిషను వ్యాపారి ఒకాయన యార్డులో తన పేరు మీద సరుకు ఖాయమైన రోజు వేలంపాట రికార్డు తెచ్చాడు. కాలేజీ పక్క టీకొట్టాయన తనకి ఏ పాటా వద్దు, జీవితమంతా గోలే విన్నాను, నిశ్శబ్దం కావాలన్నాడు. ఏమీ వెయ్యకపోతే సేవ అందనట్టు లెక్క కాబట్టి, కమిషనర్ గారు నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేయించారు. ఒక భార్యాభర్తలు ఒకే పాట కోసం నా టేబులు దగ్గర పోట్లాడుకున్నారు. "అది నా పాట. కావాలంటే నేను పోయాక వాడుకో" అని ఆవిడ తేల్చేసింది.

పద్యాల పానకాలు గారు వచ్చింది ఈ రోజుల్లోనే.

ఆయన పేరు వింటే మా ఊళ్లో నడివయసు దాటినవాళ్లెవరైనా చేతిలో పని ఆపేస్తారు. ఏభై ఏళ్లు పౌరాణిక నాటకాల్లో రాజు వేషం వేశాడు. నడుం వంగింది, కిరీటాలు అమ్ముకున్నాడు, ఒక రేకుల గదిలో ఒంటరిగా ఉంటున్నాడు. ఆ గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. హార్మోనియం వాయించే బాలస్వామి గారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే దగ్గు.

"అబ్బాయ్, నాకు పాట వద్దు. పద్యం కావాలి. నాదే" అన్నాడు పానకాలు గారు.

ఎప్పుడో మా ఊరి రేకుల హాల్లో నాటక పోటీల్లో ఆయన పాడిన పద్యాన్ని ఒక అభిమాని రికార్డు చేశాడు. దాన్ని బాలస్వామి గారు సెల్లు కొట్లో ఎక్కించి తెచ్చాడు. ఆఫీసులోనే విన్నాం. పద్యం నాలుగు పాదాలే. ఆఖరి పాదం ఎత్తుకున్నాక రాగం మొదలైంది. అది ఎక్కడికి వెళ్తుందో తెలీదు, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో తెలీదు. అది ఆగగానే హాలంతా ఒక్క గొంతై 'వన్స్ మోర్' అని అరిచింది. ఈలలు. కుర్చీల చప్పుడు. ఆ గోల సద్దుమణగకముందే ఆయన మళ్లీ ఎత్తుకున్నాడు, ఈసారి ఇంకా పైనుంచి. మా సెక్షన్లో టైపిస్టు కళ్లు తుడుచుకుంది. నాకు ఒళ్లు ఝల్లుమంది, దాచుకోవడం దేనికి.

కమిషనర్ గారు కూడా విన్నారు. "బాగుంది. కానీ రెండుసార్లు ఉంది."

"వన్స్ మోర్ కొట్టారండీ" అన్నాడు బాలస్వామి గారు.

"కొట్టవచ్చు. పథకం ప్రకారం ఒక లబ్ధిదారుడికి ఒకే పాట. ఇవాళ మీకు రెండుసార్లు అనుమతిస్తే, రేపు నిశ్శబ్దం కోరినవారు కూడా రెండుసార్లు అడుగుతారు. సదరు రెండవ ఆలాపనను, ప్రేక్షకుల అల్లరిని తొలగించి సమర్పించండి."

"అది అల్లరి కాదయ్యా" అన్నాడు పానకాలు గారు. "నేను సంపాయించింది అదొక్కటే. కిరీటం పోయింది, గద పోయింది. ఆ కేకొక్కటే మిగిలింది. నేను బోయేప్పుడు నా చెవిన అది పడాల. దాన్ని పీకేసి ఒట్టి పద్యం పెడితే నాకెందుకు?"

"మీ ఆవేదనను పరిగణనలోకి తీసుకున్నాం" అన్నారు కమిషనర్ గారు. మా ఆఫీసులో ఆ మాట అన్నారంటే కుర్చీలోంచి లేవమని అర్థం.

కోసిన పద్యాన్ని ఒక నంబరు కింద ప్లేయర్లో వేశాను. అందులోనే ఉన్న కొయ్యనిదాన్ని చెరిపెయ్యమన్నారు. చెరుపుతాను సార్ అన్నాను. ఆ రోజు పని ఎక్కువగా ఉంది. మర్నాడూ ఉంది.

ఇక మొహాల పెట్టె సంగతి చెప్పాలి. సేవ అందాక లబ్ధిదారుడు తన సంతృప్తిని తెలపడానికి రథం వెనక తలుపు దగ్గర ఒక పెట్టె బిగించారు. దాని మీద అయిదు బొత్తాలు, వాటి మీద అయిదు మొహాలు, ఏడుపు మొహం దగ్గర్నుంచి పళ్లికిలించే మొహం దాకా. ఏదో ఒకటి నొక్కితే తప్ప కంప్యూటర్లో ఆ యాత్ర ముగియదు. అది ముగియకపోతే రథాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి లేదు.

మొదటి రోజు శ్మశానం దగ్గర ఒక కొడుకు చెయ్యి చాపి నవ్వు మొహం నొక్కబోతే, నొక్కవచ్చా అని నేను ఫోన్లో అడిగాను, కమిషనర్ గారు అరిచారు. "ప్రయాణించింది ఎవరు? ఆయన ఎవరు నొక్కడానికి? ఇది దొంగ ఓటు."

"పోనీ, పెద్దాయన వేలు నేను పట్టుకుంటాను సార్" అన్నాడు ఖాసింవలి.

"అది ప్రలోభపెట్టడం కిందికి వస్తుంది."

నొక్కనివాళ్లని ఏం చెయ్యాలని పైకి రాశాం. నొక్కనిచో ఏడుపు మొహంగా పరిగణించవలెనని జవాబొచ్చింది. దాంతో ఊళ్లో పోయిన ప్రతి ఒక్కరూ మా సేవ పట్ల తీవ్ర అసంతృప్తితో పోయినట్టు నమోదవడం మొదలైంది. జిల్లా మొత్తంలో మా మార్కులు అడుగుకి చేరాయి. కుక్కల బండికి మాకంటే ఎక్కువ వచ్చాయి.

కమిషనర్ గారు గదిలో తలుపేసుకుని ఆలోచించి, 'నమూనా యాత్ర' కనిపెట్టారు. పాట ఎంచుకున్న పౌరుడు బతికుండగానే ఒకసారి రథంలో పడుకుని, తన పాట వింటూ శ్మశానం దాకా వెళ్లి, లేచి, బొత్తాం నొక్కి, నడిచి ఇంటికెళ్లాలి. సంతృప్తి ముందే నమోదైపోతుంది.

ఇది పట్టుకున్నంత జోరుగా మా ఊళ్లో సినిమా కూడా పట్టుకోలేదు. జనం కొత్త బట్టలు కట్టుకుని వచ్చి పడుకునేవారు. చుట్టాలు పులిహోర పొట్లాలతో వెనక నడిచేవారు. దండలు తామే తెచ్చుకునేవారు. మిర్చి వ్యాపారి తన వేలంపాట వింటూ మధ్యలో ఆపుకోలేక ఇంకో రేటు చెప్పి లేచి కూర్చున్నాడు. అందరూ పళ్లికిలించే మొహమే నొక్కారు. మా మార్కులు ఆకాశాన్నంటాయి.

మధ్యమధ్యలో నిజంగా పోయినవాళ్లు వచ్చి అడ్డం పడేవారు. వాళ్లు బొత్తాం నొక్కరు, సగటు పడగొడతారు. రెండు రకాల లబ్ధిదారులనూ పోల్చి చూసి కమిషనర్ గారు ఒక నిర్ణయానికి వచ్చారు. "సేవ నాణ్యతను దెబ్బతీస్తున్న వర్గానికి ప్రత్యామ్నాయ రవాణా సూచించండి." అంటే పోయినవాళ్లు ట్రాక్టర్ల మీద వెళ్లాలి. బండిలో బతికున్నవాళ్లే వెళ్తారు. ఈ ఉత్తర్వు టైపు చేస్తుంటే నాకు ఒక్క చోట కూడా తప్పు కనబడలేదు. అన్ని వాక్యాలూ పై వాక్యం నుంచి సక్రమంగానే దిగివచ్చాయి.

పానకాలు గారి నమూనా యాత్ర కూడా జరిగింది. కమిషనర్ గారే దగ్గరుండి పడుకోబెట్టారు. నేను వైరు పట్టుకుని కోసిన పద్యం వేశాను. రథం బజారు దాటింది, పద్యం ముగిసింది, రాగం ఆగింది. తర్వాత ఏమీ లేదు. వెనక ఏదో కదిలిన చప్పుడైతే తిరిగి చూశాను. ఆయన లేచి కూర్చుని, తెర లేచేముందు నటుడు చూసినట్టు, బయటికి చెవి పెట్టి చూస్తున్నాడు. రోడ్డు మీద ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది, అంతే. శ్మశానం దగ్గర దిగి ఆయన ఏడుపు మొహం నొక్కాడు. రెండుసార్లు నొక్కాడు.

వల్లూరిపేట చరిత్రలో బతికుండి అసంతృప్తి చెందిన ఏకైక లబ్ధిదారుడు ఆయనే అయ్యాడు. అదే సమయంలో రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోందనీ, మన పథకం రాష్ట్రస్థాయి బహుమతికి పరిశీలనలో ఉందనీ కబురొచ్చింది. "ఆ ఒక్క ఏడుపు మొహాన్ని సరిచేయించండి" అని నన్ను పంపారు.

వెళ్లేసరికి పానకాలు గారు మంచం మీద ఉన్నాడు. బాలస్వామి గారు గ్లూకోజు నీళ్లు పడుతున్నాడు. ఊపిరి గరగరలాడుతోంది. ఆ గొంతులోంచి అలాంటి శబ్దం వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"బొత్తాం నొక్కమని వచ్చావా?" అన్నాడు. "వన్స్ మోర్ పెట్టిస్తావా మరి?"

"అడుగుతానండి."

"అడగబాకు. అడిగితే రూలు జెప్తారు" అని కళ్లు మూసుకున్నాడు. నేను అడిగాను. రూలు చెప్పారు. అది విధానపరమైన విషయమనీ, రాష్ట్రస్థాయిలో తేలాలనీ అన్నారు. ఆ సాయంత్రం కమిషనర్ గారి మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మర్యాదగా తలుపు మూసి వచ్చాను, అది మా ఉద్యోగం.

పరిశీలక బృందం వచ్చిన రోజు తెల్లవారుజామునే పానకాలు గారు పోయారు.

బాలస్వామి గారు ఆఫీసుకొచ్చాడు, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని. "రథం ఇప్పించు బాబూ. ఆ కోసిన పద్యమైనా సరే, వెయ్యి. వాడి గొంతుతో పోతాడు."

రథం ముస్తాబవుతోంది. ఆ పూట అందులో చైర్మన్ వెంకటప్పయ్య గారి నమూనా యాత్ర, పరిశీలకులకి చూపించడం కోసం. "నిజమైన శవానికి రథం ఇస్తే బృందం ముందు ఏడుపు మొహం వస్తుంది. ప్రత్యామ్నాయ రవాణా ఉంది కదా" అన్నారు కమిషనర్ గారు. బాలస్వామి గారు ఆయన వంక ఒక్కసారి చూసి వెళ్లిపోయాడు. ట్రాక్టరు కూడా అడగలేదు.

చైర్మన్ గారు పట్టుపంచె కట్టి, గజమాల వేసుకుని, కాళ్లు చాపి పడుకున్నారు. ఆయన పాట తన ఎన్నికల విజయోత్సవంలో డప్పులూ జిందాబాద్‌లూ. వెనక కారులో పరిశీలకులు, వాళ్ల పక్కన కమిషనర్ గారు. బయల్దేరాం. డప్పులు మోగుతున్నాయి.

శ్మశానం దారి ఇరుకు. రేకుల హాలు మలుపు తిరిగేసరికి ముందు ఒక పాడె వెళ్తోంది. నాటకాలవాళ్లు నలుగురు మోస్తున్నారు, అందరూ అరవై దాటినవాళ్లే. ముందు బాలస్వామి గారు మెడకి హార్మోనియం వేలాడదీసుకుని వాయిస్తూ నడుస్తున్నాడు. పద్యం ఎత్తుకోవాలని చూస్తున్నాడు, దగ్గొస్తోంది, ఆగుతున్నాడు, మళ్లీ ఎత్తుకుంటున్నాడు. వెనక వందల మంది. మా డప్పుల్లో ఆ హార్మోనియం వినబడడం లేదు.

ఖాసింవలి హారన్ మీద చెయ్యి పెట్టి, తీసేసి, బండి ఆపాడు. "అన్నా" అన్నాడు నా వంక చూసి. నేను డప్పులు ఆపేశాను.

కమిషనర్ గారు ఫోన్ చేశారు. "ఎందుకు ఆగింది? పాట కొనసాగించండి!"

"కొనసాగిస్తున్నాను సార్" అన్నాను. ప్లేయర్లో వెతికాను. కొయ్యని పద్యం అక్కడే ఉంది. వేశాను. వైరు వంచి గట్టిగా పట్టుకున్నాను.

గోపురం మీది రెండు స్పీకర్లలోంచీ పానకాలు గారు ఎత్తుకున్నారు. పాడె మోస్తున్నవాళ్లు నిలబడిపోయారు. బాలస్వామి గారు వెనక్కి తిరిగి, ఆ శ్రుతి వెతుక్కుని, హార్మోనియం కలిపాడు. నాలుగు పాదాలూ అయ్యాయి. రాగం లేచింది, ఎక్కడికో వెళ్లింది, వచ్చింది, ఆగింది. రికార్డులో హాలు 'వన్స్ మోర్' అంది. దానికంటే ముందే రోడ్డు 'వన్స్ మోర్' అంది. మేడల మీంచి, కొట్లలోంచి, సైకిళ్ల మీంచి అరిచారు. ఖాసింవలి స్టీరింగ్ వదిలేసి ఈల వేశాడు. నేను ఏడుస్తున్నాను, వైరు మాత్రం వదల్లేదు. పానకాలు గారు రెండోసారి ఎత్తుకున్నారు, ఇంకా పైనుంచి.

అప్పుడే వెనకనుంచి చైర్మన్ గారు గజమాలతో లేచి కూర్చుని, "ఏందయ్యా ఇది, నా డప్పులేయి?" అని తలుపు తోసుకుని తల బయటపెట్టారు. రథంలోంచి శవం తల బయటపెట్టడం చూసి ఆడవాళ్లు కెవ్వుమన్నారు. పరిశీలకుల్లో ఒకాయన కారు దిగి వెనక్కి పరిగెత్తాడు.

పాడే, రథమూ కలిసే శ్మశానం చేరాయి. కాపలా యోహాను కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు. పాడె వంక చూశాడు, దండతో దిగుతున్న చైర్మన్ గారి వంక చూశాడు. "రెండు చితులు పేర్చమని నాకెవురూ జెప్పలేదే. ముందు ఎవురిది అయ్యా?" అన్నాడు. చైర్మన్ గారు బొత్తాం నొక్కకుండానే వెళ్లిపోయారు, పట్టుపంచె ఎగ్గట్టి, చాలా వేగంగా.

మర్నాడు కమిషనర్ గారు పిలిచారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన బాధ వేరే ఉంది. "మన ధ్వని వ్యవస్థ ద్వారా కీర్తిశేషులు పానకాలు గారికి సేవ అందినట్టే. సంతృప్తి నమోదు చెయ్యాలి. ఆయన చివరగా ఏమన్నారు?"

"రథంలోంచి చివరగా వినబడింది 'వన్స్ మోర్' సార్."

అదే రాశాం. రాష్ట్రంలో అంతిమ సేవను వినియోగించుకుని, మళ్లీ కావాలని కోరిన ఏకైక లబ్ధిదారుడు మా ఊరివాడని పరిశీలక బృందం తేల్చింది. బహుమతి వచ్చింది. కమిషనర్ గారికి పదోన్నతి వచ్చింది. ఆ తర్వాత రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సేవను మళ్లీ కోరిన లబ్ధిదారునికి సేవను తిరిగి అందించవలెను, లబ్ధిదారుడు హాజరు కానప్పటికీ నిలిపివేయరాదు, కోరినన్నిసార్లు అందించవలెను.

ఉత్తర్వు ఉత్తర్వే. అందుకే ఇప్పుడు నెలకొకసారి రథం ఖాళీగా బయల్దేరుతుంది. ఖాసింవలి నడుపుతాడు, నేను వైరు పట్టుకుంటాను, బాలస్వామి గారు వెనక హార్మోనియంతో కూర్చుంటాడు. రేకుల హాలు మలుపు దగ్గర జనం ముందే వచ్చి నిలబడి ఉంటారు. పద్యం అవుతుంది, రాగం అవుతుంది, వాళ్లు అరుస్తారు. రూలు ప్రకారం బండి వెనక్కి తిప్పాలి. తిప్పుతున్నాం.